చేట పట్టిన బొమ్మ

ఆవిడ ఆటోలోంచి ముందు మూటని దించింది, తర్వాత తను దిగింది. పాత నేతచీరలో చుట్టిన ఆ మూటని రెండు చేతులతో పొట్టకి ఆనించుకుని మా గేటు ముందు నిలబడి గట్టిగా అడిగింది.

"మరబొమ్మలు చేసే ఫిట్టరుబాబు ఇల్లు ఇదేనేటి?"

నేను నాలుగడుగుల దూరంలో, వరండాలోనే కూర్చుని ఉన్నాను. అంత గట్టిగా ఎందుకు అడుగుతోందో తట్టలేదు. నాకు కాస్త చెవుడని ఎవరో ముందే చెప్పి ఉంటారనుకున్నాను.

"ఇదేనమ్మా, రండి" అన్నాను.

"అమ్మా ఏటి? మీదే ఊరు?"

"విజయనగరం వైపు. మా తాత రైల్వేలో చేరి ఇటొచ్చాడు."

"మాది పార్వతీపురం దగ్గర. అయితే నువ్వు తమ్ముడివే. అప్పా అను."

మా వైపు అక్కని అప్ప అంటారు. ఈ హిందీ మాట్లాడే ఊళ్లో, తోర్వా పేటలో ఇల్లు కట్టుకున్నాక ఇరుగూ పొరుగూ అందరూ భయ్యా, దీదీ అనేవాళ్లే. ఆ పిలుపు నా నోట్లోంచి వచ్చి చాలా ఏళ్లయింది. మొదటిసారి అన్నప్పుడు కొంచెం సిగ్గేసింది కూడా.

నా సంగతి ఇక్కడ కాస్త చెప్పాలి. లోకో షెడ్డులో ముప్పై అయిదేళ్లు ఫిట్టరుగా చేసి రిటైరయ్యాను. మొదటి ఆరు నెలల్లో ఇంట్లో ఉన్న ప్రతి తలుపు బందుకీ నూనె వేశాను, ప్రతి కొళాయికీ వాషరు మార్చాను. మార్చడానికి ఇంకేమీ మిగల్లేదు. మిక్సీని మూడోసారి విప్పిన రోజున మా ఆవిడ నా ముందు నిలబడి, "ఏటండీ, రేపు నన్ను కూడా విప్పి సర్వీసింగ్ చేసేస్తారేటి?" అంది. ఆ వారమే ఫోన్లో ఒక వీడియో చూశాను. చెక్క పెట్టె, పక్కన ఒక పిడి. పిడి తిప్పితే పెట్టె మీదున్న చెక్కకోడి వంగి గింజలు పొడుస్తోంది. కరెంటు లేదు, బ్యాటరీ లేదు. లోపల ఏం జరుగుతోందో నాకు వెంటనే అర్థమైంది. పెద్ద పెద్ద ఇంజన్లలో చూసిన పనే అది, కాకపోతే అరచేతిలో పట్టేంత. పాత స్టూలు కాలు కోసి నా మొదటి కోడిని చేశాను. అది గింజలు పొడవలేదు, మూర్ఛ వచ్చినట్టు కొట్టుకుంది. అయిదోది బాగా వచ్చింది. ఆ తర్వాత వినాయకచవితికి కాలనీ పందిట్లో లడ్డూ కొరికే ఎలకని పెట్టాను. దాన్ని చూడ్డానికి వచ్చినవాళ్లలో ఎవరో అర్పా నది అవతల సర్కండాలో ఉన్న ఈ అప్పకి నా గురించి చెప్పారట.

ఆవిడ మూట విప్పింది. చెప్పుల డబ్బాకన్నా కొంచెం పెద్ద చెక్కపెట్టె. దాని మీద ఒక ఆడమనిషి బొమ్మ, ఒక మోకాలు మడిచి, ఒకటి చాపుకుని కూర్చుని ఉంది. చేతుల్లో రేకుతో చేసిన చేట. చీరకి వేసిన ఆకుపచ్చ రంగు చాలాచోట్ల లేచిపోయింది. పక్కన పిడి, పిడి దగ్గర ఎర్రరంగుతో గీసిన ఒక చిన్న బాణం. నేను బొమ్మ చేతివేళ్లు చూశాను. పది వేళ్లూ విడివిడిగా చెక్కి ఉన్నాయి. చేట అంచుని నిజంగా పట్టుకున్నట్టే ఉన్నాయి.

"ఎవరు చేశారప్పా?"

"మా ఆయన. రాయగఢ్ లైన్లో లెవెల్ క్రాసింగ్ దగ్గర గేట్‌మేన్. ఒక బండి పోయి ఇంకో బండి వచ్చేలోగా చిన్న చాకు పట్టుకుని ఏదోటి చెక్కతా ఉండేవోడు. ఆయన పోయినాక నాను దీన్ని తిప్పలేకపోనాను. అటకెక్కించేసినాను. ఇప్పుడు ఇంటికి రంగులేయిస్తంటే దించినారు. తిప్పితే చేట ఆడతంది గానీ తల తిరగట్లేదు."

"చూస్తాను. తొందరేం లేదు కదా?"

"ఉంది తమ్ముడూ. వచ్చే బుధవారం కాదు, ఆ పై బుధవారం నాకు కన్ను ఆపరేషన్. మోతియాబిందు. ఆలోగా ఒక్కసారి ఇది ఆడాలి."

శుక్లాల ఆపరేషన్ ఈ రోజుల్లో చాలా చిన్నదనీ, గంటలో ఇంటికి పంపేస్తారనీ చెప్పాను.

"అందరూ చిన్నదే అంటారు" అంది. "కత్తి పెట్టేది వాళ్ల కంట్లో కాదు గదా."

మా ఆవిడ టీ తెచ్చింది. అప్ప తాగి, ఆటో పిలిపించుకుని వెళ్లిపోయింది. పెట్టెని మాత్రం వదల్లేక వదిలినట్టు రెండుసార్లు తడిమింది.

ఆ మధ్యాహ్నమే అడుగుచెక్క మేకులు పీకి లోపల చూశాను. అడ్డంగా ఒక ఇనప కడ్డీ. దాని మీద రెండు చెక్క చక్రాలు. వాటిని చక్రాలంటాం గానీ అవి గుండ్రంగా ఉండవు. అంచు ఒకచోట ఎత్తుగా, ఒకచోట పల్లంగా ఉంటుంది. షెడ్డులో మేం వీటిని క్యాములనేవాళ్లం. చక్రం అంచు మీద ఒక పుల్ల ఆనుకుని ఉంటుంది. ఎత్తు వచ్చినప్పుడు పుల్ల లేస్తుంది, పల్లం వచ్చినప్పుడు దిగుతుంది. ఆ పుల్లే పైనున్న బొమ్మని ఆడిస్తుంది. ఒక చక్రం చేటది. చింతచెక్కతో చేశాడు, రాయిలా ఉంది. రెండోది తలది. దాని పుల్లని సైకిల్ చువ్వతో మెడకి కలిపి, తల వెనక్కి తిరిగి రావడానికి పాత టార్చిలైటు స్ప్రింగు పెట్టాడు.

రెండో చక్రం మీద దుమ్ము ఉందని బ్రష్షుతో తుడిచాను. అది దుమ్ము కాదు, చక్రమే. బూరుగుచెక్కలాంటి ఏదో మెత్తటి చెక్క. లోపలంతా పురుగు తినేసి పైన పొర మాత్రం మిగిలింది. బ్రష్షు తగలగానే పొర కూలి, నా కళ్లముందే చిటికెడు పచ్చటి పొడి అయిపోయింది. చేతిలో బ్రష్షు అలాగే ఉంది.

ఏ పనివాడైనా నా భయం అర్థం చేసుకుంటాడు. విరిగిన ముక్క ఉంటే దాన్ని చూసి ఇంకోటి చేయొచ్చు. ఈ బొమ్మలో తల ఎంత తిరగాలి, ఎంతసేపు ఆగాలి, ఎలా వెనక్కి రావాలి అన్నదంతా ఆ చక్రం అంచులోనే ఉంది. అంచు పోతే ఆ కదలిక పోయినట్టే. చేసినవాడు లేడు. దానికి గీసిపెట్టిన డ్రాయింగు లేదు. ఆవిడ మొగుడు ఆవిడకిచ్చిన వస్తువుని నేను బ్రష్షుతో తుడిచేశాను.

ఆ పొడిని ఒక సీసామూతలోకి ఎత్తి గూట్లో పెట్టాను. ఎందుకో తెలీదు. మా ఆవిడకి కూడా చెప్పలేదు. మర్నాడు అప్ప ఫోన్ చేసింది. "ఏటి తమ్ముడూ, కదిలిందా?" అంటే, "చూస్తున్నానప్పా" అన్నాను. ఆ మర్నాడూ అదే. అన్నం సయించలేదు. ఏమైందని మా ఆవిడ అడిగితే ఎండ అన్నాను.

మూడోరోజు ఆవిడే వచ్చేసింది. ఆటో చప్పుడు విని గేటు దాకా ఎదురెళ్లాను. ఆవిడ ఇంకా కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే చెప్పేశాను. "అప్పా, తల తిప్పే చక్రం నా చేతిలో పొడైపోయింది. పురుగు తినేసింది. నేను ముట్టుకోకుండా ఉంటే ఇంకొన్నాళ్లు ఉండేదేమో. తప్పు నాదే."

 ఆవిడ చెయ్యి చాపి, గాల్లో వెతికి, నా మోచెయ్యి పట్టుకుంది.

"తమ్ముడూ, నాను ఒకటి చెప్తాను, కోప్పడకు. అది పొడైపోతందని నాకు తెలుసు. అటక మీంచి దించినప్పుడే కిందనుంచి సుజీరవ్వలాగ రాలింది. నీకు చెప్తే 'ఇది అవ్వదు, తీసుకుపో' అంటావని చెప్పలేదు."

మూడు రోజులు నేను మోసినదాన్ని ఆవిడ అంతకుముందునుంచే మోస్తోంది. నాకు నవ్వొచ్చింది. ఆవిడకీ వచ్చింది. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "ఏటయింది, ఎందుకలగ నవ్వుతున్నారు?" అంది. అసలు సంగతి విన్నాక నన్ను చూసి, "ఇదా మీ ఎండ" అంది. ఆ పూట రెండుసార్లు అన్నం వేయించుకున్నాను.

ఇక పని మొదలుపెట్టాను. మిగిలినవాటిని బట్టి కొంత తెలుసుకోవచ్చు. చేట చక్రానికి మూడు ఎత్తులున్నాయి. ఆ తర్వాత అంచు కొంతమేర చదునుగా ఉంది. అంటే బొమ్మ మూడుసార్లు చెరిగి, ఆగుతుంది. ఆగినప్పుడే తల తిరగాలి. మెడ కింద చువ్వ గీసిన గీతలు చూస్తే తల ఎడమవైపు తిరిగేదని తెలిసింది. ఎంతవరకు తిరిగేదో కూడా గీత చివర చూసి కొలుచుకున్నాను.

మంచి టేకు ముక్క తీసుకున్నాను. సన్న రంపంతో కోసి, ఆకురాయితో రాసి, అంచుకి తేనెమైనం పట్టించాను. బిగించి తిప్పితే తల నెయ్యి జారినట్టు ఎడమకి తిరిగి, ఆగి, అంతే మెత్తగా వెనక్కి వచ్చింది. ఎక్కడా కుదుపు లేదు. షెడ్డులో నాకు పని నేర్పిన పెద్ద ఫిట్టరు చూసుంటే భుజం తట్టేవాడు. ఆయన మాకు మొదట నేర్పిన పాఠం, చప్పుడంటే జబ్బు అని. బేరింగు మీద స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినమనేవాడు. ఎక్కడ టక్కుమంటే అక్కడ ఏదో అరిగిందన్నమాట. విప్పు, సరిచెయ్యి.

అప్ప వచ్చి పిడి తిప్పింది. నాలుగైదుసార్లు తిప్పింది.

"కాదు తమ్ముడూ."

"ఏది కాదు? తల తిరుగుతోంది కదా?"

"తిరుగుతంది కామోసు. ఇది మెత్తగా ఉంది. అది ఇలగ ఉండేది కాదు."

మెత్తగా అంటే నెమ్మదిగా అనుకున్నాను. తల ఇంకొంచెం చురుగ్గా తిరిగేలా రెండో చక్రం చేశాను. శనివారం వచ్చి తిప్పి, కాదంది. ఇంకొంచెం దూరం తిరిగేలా మూడోది చేశాను. కాదంది. ప్రతిసారీ నేను అంచుని ఇంకా నున్నగా చేస్తున్నాను. ప్రతిసారీ ఆవిడ మొహం ఇంకా చిన్నబోతోంది.

ఆదివారం ఆవిడ వెళ్లాక నాకు విసుగొచ్చింది. "ఎన్నో ఏళ్ల కిందటి మాట. ఆవిడకి మాత్రం ఏం గుర్తుంటుంది? ఏం చేసినా కాదంటుంది. ఇంక బుధవారం ఆపరేషన్. ఇది అయ్యేది కాదు" అన్నాను.

మా ఆవిడ టీ కప్పులు తీస్తూ ఆగింది. "మీరు ఆవిడ్ని సరిగ్గా చూసినారా?" అంది.

"ఏం చూడాలి?"

"ఇందాక కప్పు పట్టుకోడానికి బల్ల మీద చెయ్యి ఎలగ పాకించిందో చూడలేదా? బొమ్మ తిప్పినప్పుడు బొమ్మ వైపే లేదు. కిటికీ వైపు మొహం పెట్టి, చెవి ఇటు పడేసింది. ఆవిడ చూడట్లేదండీ. ఇంటంది."

"ఏం వింటుంది? బొమ్మ చప్పుడే చెయ్యట్లేదు కదా!"

"అదే గదా నానంటన్నాను."

 షెడ్డు నాకు పని ఇచ్చి, బదులుగా కొంత చెవి తీసుకుంది. కంప్రెసర్ల మధ్య అన్నేళ్లున్నాక చిన్న చప్పుళ్లు నాకు అందవు. చప్పుడు ఉండాలన్న ఆలోచన నాకు రాకపోవడానికి అదొక కారణం. చప్పుడంటే జబ్బు అని నేర్చుకోవడం రెండోది. గేటు దగ్గర నిలబడి నాలుగడుగుల దూరంలో ఉన్న నన్ను ఆవిడ గట్టిగా పిలిచిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆవిడకి నేను కనబడలేదు.

సోమవారం పొద్దున్నే ఇద్దరం స్కూటరు మీద అర్పా వంతెన దాటి సర్కండా వెళ్లాం. గోడలకి కొత్త రంగు వాసన ఇంకా పోలేదు. కొడుకు గూడ్సు బండి తీసుకుని డ్యూటీకి వెళ్లాడట. కోడలు మమ్మల్ని కూర్చోబెట్టి లోపలికి వెళ్లింది.

మా ఆవిడ చుట్టూ తిప్పకుండా అడిగేసింది. "ఒదినా, మీకు బొమ్మ కంటికి ఆనట్లేదు గదా?"

అప్ప కోడలు వెళ్లిన వైపు ఒకసారి చెవి పెట్టింది. "రెండు కళ్లూ అంతే" అంది. "మనిషి ఉన్నట్టు తెలుస్తాది, మొహం తెలీదు. ఇంట్లో కొంచెం మసగ్గా ఉందని చెప్పినానంతే. ఇంత ఉందని తెలిస్తే స్టవ్ దగ్గరికి కూడా రానివ్వరు."

"మరి బొమ్మ సరిగ్గా లేదని మీకు ఎలగ తెలుస్తంది?"

"ఆయన ఉన్నప్పుడు రోజూ తిప్పేవోడు. నాను వంట చేసుకుంటా వినేదాన్ని. దాని పాట ఒకటుంది. ఇప్పుడు ఆ పాట రావట్లేదు."

"ఆ పాట ఎలా ఉంటుందో చూపించప్పా" అన్నాను.

ఆవిడ ఎదురుగా స్టీలు పళ్లెం ఉంది. దాని మీద అరచెయ్యి పెట్టి మూడుసార్లు రాసింది. సర్, సర్, సర్. చెయ్యి ఎత్తింది. ఏమీ లేదు. నేను మనసులో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టాను. అప్పుడు గోరుతో పళ్లెం అంచు మీద కొట్టింది. టక్. వెంటనే మళ్లీ సర్, సర్, సర్. టక్ నాకు లీలగా వినిపించింది. ఆవిడ గోరు మాత్రం స్పష్టంగా కనిపించింది. పదిసార్లు చేయించాను. పదిసార్లూ ఒకే తాళం, వెంట్రుకంత తేడా లేదు.

అంటే చేట ఆగాక తల మెల్లగా తిరిగి, ఆగి, ఒక్కసారిగా వెనక్కి వచ్చి టక్కుమని తగలాలి. చక్రం అంచు నిదానంగా పెరిగి పెరిగి, చివర్లో మెట్టు దిగినట్టు తెగిపోవాలి. ఫిట్టరన్నవాడు ఎవడూ ఇష్టపడి చెయ్యని ఆకారం అది. ఇంకో సంగతి కూడా తట్టింది. అలాంటి చక్రాన్ని ఒకవైపే తిప్పగలం. వెనక్కి తిప్పితే పుల్ల ఆ మెట్టుకి అడ్డంపడి ఇరుక్కుపోతుంది. పిడి దగ్గర ఎర్రబాణం ఎందుకు గీశాడో అప్పుడు అర్థమైంది. నేనది ముగ్గు లాంటిదనుకున్నాను. ఆ గేట్‌మేను నాకు పెట్టె మీదే రాసిపెట్టి పోయాడు. చదువుకోలేకపోయింది నేను.

ఇంటికొచ్చి బల్ల దగ్గర కూర్చున్నాను. నిదానంగా పెరిగే అంచు వరకు చెయ్యి సులువుగానే సాగింది. మెట్టు దగ్గరికొచ్చేసరికి రంపం ఆగిపోయింది. చెయ్యి దానంతటదే వంపు తిప్పుతోంది. రెండు ముక్కలు అలాగే పాడుచేశాను. మూడోదాని మీద స్కేలు పెట్టి నిలువుగా పెన్సిలు గీత గీసి, నోరుమూసుకుని గీత మీదే కోశాను. ఈసారి మైనం పట్టించలేదు.

బిగించి, బాణం వైపు తిప్పాను. చేట మూడుసార్లు ఆడింది. తల మెల్లగా ఎడమకి తిరిగింది. అక్కడే ఆగింది. తర్వాత ఒక్క ఉదుటున వెనక్కొచ్చింది. చప్పుడు నాకు వినిపించలేదు. పెట్టె మీద రెండో చేతి వేళ్లు ఆనించి మళ్లీ తిప్పాను. వేళ్ల కింద టక్కుమని తగిలింది. పెరట్లో బట్టలు ఆరేస్తున్న మా ఆవిడ అక్కడినుంచే, "అదీ! వచ్చినాది!" అని అరిచింది.

మంగళవారం మధ్యాహ్నం, ఆపరేషన్‌కి ముందురోజు, పెట్టెని అప్ప ఒళ్లో పెట్టాం. ఆవిడ పిడి వెతికి పట్టుకుని ఒక చుట్టు తిప్పింది. టక్కుమన్నప్పుడు ఆగిపోయింది. నేను మా ఆవిడ మొహం చూశాను. ఇదీ కాదంటే నా దగ్గర ఇంకేమీ లేదు.

అప్ప ఇంకో చుట్టు తిప్పింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. కొంగు తీశాక చూస్తే నవ్వు.

"ఇదే తమ్ముడూ. ఇదే."

అప్పుడు చెప్పింది. పెళ్లయిన కొత్తలో గేటు పక్కన రైల్వే వాళ్లిచ్చిన ఒక్క గది క్వార్టరు. అందులో అత్తగారు, మామగారు కూడా. మొగుడితో మాట్లాడ్డానికి చోటు లేదు, చూడ్డానికి కూడా జంకే. ఆవిడ వాకిట్లో కూర్చుని బియ్యం చెరుగుతుంటే ఎడమవైపు గేటు దగ్గర ఆయన పచ్చజెండా పట్టుకుని నిలబడేవాడు. బండి పోతున్నంతసేపూ ఆయన కళ్లు బండి మీదే ఉండాలి.

"అప్పుడు నాను చేట ఆపేసి ఆయన్ని చూసేదాన్ని. బండి ఆకరి డబ్బా పోగానే ఇటు తిరుగుతాడు గదా, ఠక్కున తల తిప్పేసుకునేదాన్ని. ఏటీ ఎరగనట్టు చెరిగేదాన్ని. నాను చూస్తన్నానని ఆయనకి తెలీదనుకున్నాను. ఎన్నేళ్లు! పిల్లలు పుట్టి, పెద్దోళ్లయి, ఆయన రిటైరైనాక ఒకరోజు ఈ పెట్టి తెచ్చి నా ముందు పెట్టి తిప్పమన్నాడు. తిప్పినాను. తల టక్కుమంది. అప్పుడు తెలిసింది నాకు, ఈ మడిసి అంతా చూసినాడని."

"ఆయన ఏమన్నాడు?" మా ఆవిడ అడిగింది.

"ఏటంటాడు? నవ్వినాడు. నాను వంటింట్లోకి పారిపోనాను."

కోడలు గుమ్మంలో నిలబడి ఇదంతా వింటోంది. ఆ పిల్లకి కూడా ఈ కథ తెలీదట. "అమ్మా, ఇన్నేళ్లూ ఒక్కసారైనా చెప్పలేదేం?" అంది. "అడిగితే గదా" అంది అప్ప. ఇంకో నాలుగు చుట్లు తిప్పుకుంది.

బుధవారం ఆసుపత్రికి మేం కూడా వెళ్లాం. కొడుక్కి సెలవు దొరికేసరికి సాయంత్రం అవుతుందని కోడలు ఫోన్ చేసింది. లోపలికి తీసుకెళ్తున్నప్పుడు అప్ప నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "తమ్ముడూ, ఇప్పుడు నాకు భయం లేదు. కాళ్లు వణుకుతున్నాయంతే" అంది. బయట బెంచీ మీద కూర్చున్నాం. చిన్న ఆపరేషనే అని ఆవిడకి పదిసార్లు చెప్పిన నేనే గోడ మీది గడియారాన్ని చూస్తూ కూర్చున్నాను. ఒకరి తర్వాత ఒకరు కంటికి కట్టుతో బయటికొస్తున్నారు. అప్ప రాలేదు. తలుపు తీసిన ప్రతిసారీ మా ఆవిడ లేచి నిలబడుతోంది.

నర్సు వచ్చి హిందీలో, "మాతాజీ వాళ్లు ఎవరు? అయిపోయింది, బాగా జరిగింది. టీ కావాలని గొడవ చేస్తోంది" అంది. మా ఆవిడ లేచినదల్లా మళ్లీ కూర్చుండిపోయింది. నేను వెళ్లి టీ తెచ్చాను. మూడు కప్పులనుకుని వెళ్లినవాణ్ని అయిదు తెచ్చాను. నర్సుకి కూడా ఒకటిచ్చాను.

వారం దాటాక సర్కండా వెళ్లాం. నల్లకళ్లద్దాలు పెట్టుకుని అప్ప గుమ్మంలో ఎదురొచ్చింది. ముందు మా ఆవిడని దగ్గరికి లాక్కుని చూసింది. "ఓలమ్మీ, నువ్వింత చిన్నదానివా? గొంతు ఇని పెద్దదానివనుకున్నాను." తర్వాత నా వైపు తిరిగింది. పైనుంచి కిందికి చూసింది. "నువ్వు మాత్రం ముసిలోడివి గదా!" అంది. అందరం నవ్వాం.

బొమ్మ కిటికీ దగ్గర ఉంది. ఆవిడ దాన్ని వెలుగులోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"ఏటిది, నా ముక్కు ఇంత పెద్దగా చెక్కినాడు! ఇన్నాళ్లూ దీన్ని పట్టించుకోలేదు."

"ఆకురాయి తెచ్చాను. రెండు రుద్దులు రుద్దమంటావా అప్పా?" అన్నాను.

ఆవిడ పెట్టెని చప్పున నా చేతికి అందకుండా లాక్కుంది. "ఒద్దు. ఆయనకి అలగే కనబడ్డాను కామోసు."

మూడోవారం ఒకరోజు పొద్దున్నే ఫోన్ మోగింది. "తమ్ముడూ, ఆగిపోనాది" అంది అప్ప. వెంటనే స్కూటరు తీశాను. చక్రం చీలిందేమో, మెట్టు అంచు విరిగిందేమో, నేను వాడిన టేకులో కూడా పురుగు ఉందేమో. దారంతా ఇవే ఆలోచనలు. వెళ్లి చూస్తే పిడిని కడ్డీకి పట్టి ఉంచే చిన్న మేకు ఊడిపోయింది, అంతే. ఇంటికొచ్చిన ప్రతివాళ్ల చేతా తిప్పిస్తోందట. రంగులేసిన పనివాళ్లు, పాలవాడు, పక్కింటి మాస్టారు, ఎవర్నీ వదల్లేదు.

మేకు బల్ల కిందే దొరికింది. సుత్తితో రెండు దెబ్బలు వేశాను, పని అయిపోయింది. అయినా అప్ప కదలనివ్వలేదు. బియ్యప్పిండితో, ఇక్కడివాళ్లు చేసే అట్టులాంటి చీలా పోసి, టమాటా పచ్చడి వేసి పెట్టింది. స్టవ్ దగ్గరికి రానివ్వరేమోనన్న బెంగ ఇప్పుడు ఆవిడకి లేదు. నేను మూడు తిన్నాను. నాలుగోది తనే చూసుకుని, అంచులు ఎర్రగా కాలాక తీసి నా పళ్లెంలో వేసింది.